గో, వెంట్, గాన్: ఒక వల్లెవేత వెనుక చరిత్ర

తెలుగు మాధ్యమంలో చదువుకొన్న మనబోటివారికి ఆంగ్ల వ్యాకరణం అనగానే గుర్తుకు వచ్చేది ఎక్కాల పుస్తకం వంటి ఒక పట్టిక. గో, వెంట్, గాన్. సింగ్, శాంగ్, సంగ్. డ్రింక్, డ్రాంక్, డ్రంక్. 'వాక్' భూతకాలంలో 'వాక్డ్' అయినప్పుడు 'గో' మాత్రం 'గోయెడ్' ఎందుకు కాలేదని అడిగిన పిల్లవానికి సాధారణంగా లభించే సమాధానం ఒక్కటే: "అవి అపవాదాలు, కంఠస్థం చేయి." నా దృష్టిలో ఈ సమాధానం అసంపూర్ణమే కాదు, తలక్రిందులు కూడా. అపవాదాలని మనం పక్కన పెట్టే రూపాలలో చాలా భాగం ఒకనాటి నియమాలే.

క్రీ.శ. 5వ శతాబ్దంలో ఉత్తర సముద్రం దాటి బ్రిటన్ చేరిన జర్మానిక్ తెగలు తమతో తెచ్చుకొన్న భాష ప్రాచీనాంగ్లం. క్రియారూపాలను బట్టి చూస్తే అందులో ఉన్నవి రెండే కాలాలు: వర్తమానం, భూతం. భవిష్యత్తుకు వేరే రూపం లేదు. వర్తమానమే ఆ పని కూడా చేసేది. భూతకాలానికి రెండు పద్ధతులు ఉండేవి. ధాతువులోని అచ్చును మార్చడం పాత పద్ధతి. 'సింగ్' 'శాంగ్' అయినది అలాగే. ఈ మార్పులు యథేచ్ఛగా జరిగినవి కావు, ఏడు తరగతులుగా క్రమబద్ధమైనవి. చివర 'డ' లేక 'త' ధ్వనిని చేర్చడం తరువాత వచ్చిన పద్ధతి. ఈ తోక మొదట 'చేయు' అని అర్థమిచ్చే క్రియ నుండి పుట్టిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. జానపద కథల ద్వారా మనకు పరిచితులైన గ్రిమ్ సోదరులలో పెద్దవాడు యాకోబ్ గ్రిమ్. ఆయన 1819లో వెలువరించిన జర్మన్ వ్యాకరణంలో మొదటి రకానికి బలక్రియలనీ, రెండవ రకానికి దుర్బలక్రియలనీ పేర్లు పెట్టాడు.

చిత్రమేమంటే చివరకు గెలిచినవి దుర్బలక్రియలే. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి క్రియలు వెల్లువలా వచ్చి పడ్డాయి. వాటిలో దాదాపు అన్నీ తోక తగిలించే తేలిక పద్ధతినే స్వీకరించాయి. పాత క్రియలు కూడా ఒక్కొక్కటిగా ఆ దారి పట్టాయి. 'హెల్ప్'కు ఒకప్పుడు 'హోల్ప్', 'క్లైంబ్'కు 'క్లోంబ్' భూతకాల రూపాలు. నేడు హెల్ప్డ్, క్లైంబ్డ్. 2007లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రాచీనాంగ్లానికి చెందిన 177 అసాధారణ క్రియలను తీసుకొని లెక్క కట్టింది. మధ్యయుగంలో వాటిలో 145, నేడు 98 మాత్రమే పాత పద్ధతిని నిలుపుకొన్నాయి. వాడుక నూరు రెట్లు తక్కువైన క్రియ పది రెట్లు వేగంగా మారిపోతుందని కూడా అది తేల్చింది. నిత్యం నోటిలో నలిగేవే మారకుండా మిగిలాయన్నమాట. రోజూ నడిచే బాటపై గడ్డి మొలవదు కదా!

మరి 'వెంట్' మాటేమిటి? అది 'గో'కు పుట్టిన బిడ్డ కాదు, దత్తపుత్రుడు. ప్రాచీనాంగ్లంలోనే 'గో'కు సొంత భూతకాలం లేక, సంబంధం లేని వేరొక రూపం ఆ స్థానంలో ఉండేది. అది క్రమంగా కనుమరుగు కాగా, మలుపు తిరుగు, సాగిపోవు అనే అర్థాలు గల 'వెండ్' క్రియ యొక్క భూతరూపం 'వెంట్' వచ్చి ఆ చోట కూర్చుంది. మన 'వచ్చాడు', 'రా', 'రాలేదు' అనే రూపాలను చూసి తెలుగు నేర్చుకొనే పరాయివాడు ఎంత తికమకపడతాడో ఊహించుకొంటే, 'వెంట్' మీద మన కోపం కొంత తగ్గుతుంది.

ఇక వర్తమానం. మనం వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు అన్నట్లే ప్రాచీనాంగ్లంలోనూ కర్తను బట్టి క్రియ చివర మారేది. కాలక్రమాన ఆ ప్రత్యయాలన్నీ రాలిపోయాయి. మన పిల్లలు తరచు మరచిపోయే 'హీ గోస్'లోని 'స్' ఒక్కటే మిగిలింది. అదీ ఉత్తరాది మాండలికం నుండి వచ్చి, దక్షిణాది 'ఎత్'ను తోసివేసినదే.

పూర్వం ఈ సాధారణ వర్తమానం ఇప్పుడు జరుగుతున్న పనినీ చెప్పగలిగేది. షేక్‌స్పియరు హామ్లెట్ నాటకంలో, పుస్తకం పట్టుకొన్న రాకుమారుణ్ణి ఏమి చదువుతున్నావని పొలోనియస్ అడిగేది ఆ రూపంతోనే. తరువాతి శతాబ్దాలలో 'ఇంగ్' రూపం బలపడి జరుగుతున్న పనిని తన వశం చేసుకొంది. సాధారణ వర్తమానానికి ప్రధానంగా మిగిలినవి అలవాట్లు, స్వభావాలు, నిత్యసత్యాలు.

ఇది మన వైయాకరణులకు కొత్త సంగతి కాదు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు తద్ధర్మార్థకాన్ని కూడా చెప్పాడు. 'ఆవు గడ్డి మేయును' అన్నప్పుడు ఆవు ఈ క్షణాన మేస్తోందని కాదు, మేయడం దాని ధర్మమని. 'ఐ గో టు స్కూల్' అన్నది సరిగ్గా ఇటువంటిదే. దానికి వర్తమానమని పేరు పెట్టి చెప్పడం వల్లనే మన విద్యార్థి దానిని 'వెళ్తున్నాను' అని అర్థం చేసుకొని తడబడుతున్నాడు. ఇంట్లో 'రోజూ బడికి వెళ్తాను' అని తప్పు లేకుండా అనగలిగిన పిల్లవానికి ఆ కాలం అప్పటికే తెలుసు. తెలుసునని ఎవరూ చెప్పలేదు, అంతే.

1795లో లిండ్లీ మర్రే రచించిన వ్యాకరణం, లాటిను అచ్చులో పోసినట్లుగా, ఆంగ్లానికి ఆరు కాలాలు లెక్కపెట్టింది. తరువాతి పాఠ్యపుస్తకాలలో అవి పన్నెండు గళ్ళ పట్టికగా పెరిగాయి. పట్టికలు వద్దని నేను అనను. కానీ వాటిని చూసి భయపడి, ఆంగ్లం తన వల్ల కాదని చదువే మానుకొన్న పిల్లలు మన ఊళ్ళలో ఎందరో! వారిలో ఎవరైనా 'గోయెడ్' అంటే నవ్వకండి. వెయ్యేళ్ళ పోరులో గెలిచిన నియమాన్ని ఆ పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే పట్టుకొన్నాడు. ముందు ఆ మాట చెప్పి మెచ్చుకొని, ఆ తరువాత 'వెంట్' కథ చెబుదాం.