గోలకొండ పత్రిక పిలుపు - పాఠకుల స్పందన: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగు పత్రికల చరిత్రలో సంపాదకులకు దక్కిన స్థానం పాఠకులకు దక్కలేదు. ఏ పత్రిక ఎప్పుడు పుట్టింది, ఎవరు నడిపారు, ఎన్నేళ్లు నిలిచింది అన్న అంశాలపై విస్తృతమైన రచన జరిగింది. పాఠకుడు మాత్రం చందాల లెక్కలో ఒక అంకెగానే మిగిలిపోయాడు. పాఠకుల జవాబే ఒక గ్రంథంగా రూపొందిన సందర్భాలు అరుదు. 1934లో వెలువడిన 'గోలకొండ కవుల సంచిక' అటువంటిది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవిత్వం ఉన్నదనడానికి సాక్ష్యంగా ఆ సంచికను విమర్శకులు గుర్తించారు. ఆ గుర్తింపు సమంజసమే. అయితే దాని వెనుక మరొక కథ కూడా ఉన్నది. రాయడానికి వెనుదీసే పాఠకుల చేత ఒక సంపాదకుడు ఎలా రాయించగలిగాడన్నది ఆ కథ.

2. పాఠకుల మౌనానికి కారణాలు

సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక 1926 మే 10న హైదరాబాదు నుండి వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రికకు చదివేవారిని సంపాదించుకోవడం ఎంత కష్టమో, రాసేవారిని సంపాదించుకోవడం అంతకన్న కష్టం. నిజాం రాష్ట్ర జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారే అయినా పాలనలో, న్యాయస్థానాల్లో, ఉన్నత విద్యలో ఉర్దూదే రాజ్యం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష కూడా ఉర్దూయే. చదువుకున్న తెలుగువాడు అర్జీ రాసినా, వకాలతు రాసినా ఉర్దూలోనే రాయవలసి వచ్చేది. ఇంట్లో మాట్లాడే భాషలో కాగితం మీద నాలుగు వాక్యాలు కూర్చే అలవాటు చాలామందికి లేకపోయింది.

అలవాటు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. 1921 నవంబరు 12న హైదరాబాదులోని వివేకవర్ధని ప్రాంగణంలో సంఘసంస్కార సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షత వహించిన ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోతే సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుండే ఆంధ్రజనసంఘం పుట్టింది. తెలుగులో నోరు విప్పితేనే నవ్వులపాలు కావలసిన నగరంలో, అచ్చులో పేరు చూసుకోవాలనే కోరిక అంత తేలికగా కలగదు. దీనికితోడు ఎగతాళి రెండవ వైపు నుండి కూడా ఉండేది. ఉర్దూ పదాలు కలిసిన ఇక్కడి తెలుగును 'తౌరక్యాంధ్రం' అని కోస్తా పండితులు ఈసడించేవారు. ఒక వైపు తెలుగు మాట్లాడినందుకు నవ్వు, మరొక వైపు అది సరైన తెలుగు కానందుకు నవ్వు. ఈ రెండింటి నడుమ చిక్కుకున్న పాఠకుడు కలం పట్టకపోవడంలో వింత లేదు. బహిరంగ సభలపై ఆంక్షలు విధించిన గస్తీ నిషాన్ 53 కలిగించిన భయం కూడా తక్కువది కాదు.

3. మారుపేర్ల వెనుక

పత్రిక తొలినాళ్లలో సురవరం పలు మారుపేర్లతో రచనలు చేశారన్నది ప్రసిద్ధ విషయం. 'చిత్రగుప్త', 'భావకవి రామమూర్తి', 'జంగం బసవయ్య' వంటి పేర్లు అందులోనివి. దీనిని సంపాదకుని శ్రమకు నిదర్శనంగా చెప్పడం పరిపాటి. శ్రమ నిజమే కాని ఆ పేర్లు చేసిన పని వేరు. ఖాళీ పంక్తిలో మొదటి విస్తరి ముందు కూర్చోవడానికి ఎవరైనా సంకోచిస్తారు. నలుగురు కూర్చున్న పంక్తిలో ఐదవవాడు సులభంగా చేరతాడు. మారుపేర్లు ఆ నలుగురిని కల్పించాయి.

ఇటువంటి ఉపాయం పత్రికారచనకు కొత్తదేమీ కాదు. పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాలకు ఒరవడిగా నిలిచిన ఆంగ్ల పత్రిక 'స్పెక్టేటర్'లో పాఠకుల ఉత్తరాలకు విశేషస్థానం ఉండేది. ఆ ఉత్తరాల్లో కొన్ని సంపాదకులు స్వయంగా రాసుకున్నవే. ఆ పత్రికకు చెందిన అడిసన్, 1713లో 'గార్డియన్' పత్రిక కోసం లండనులోని బటన్ కాఫీశాలలో సింహముఖాన్ని పెట్టించి, దాని నోట ఉత్తరాలు వేయవలసిందిగా పాఠకులను ఆహ్వానించాడు. ఆ సింహం నోట్లో ఉత్తరం వేసినవాడు కాఫీశాల దాకా నడిచివస్తే సరిపోయేది. పాలమూరు జిల్లా పల్లెలోని పాఠకుడు మాత్రం నిజాం తపాలాబిళ్ల అంటించి పంపి, అది అచ్చయిందో లేదో తెలియడానికి రోజుల తరబడి ఎదురుచూడాలి.

ఇక్కడ పరిశోధకులకు ఒక హెచ్చరిక అవసరం. తొలి సంచికల్లో కనిపించే పేర్లన్నింటినీ లెక్కించి పత్రికకు ఇంతమంది రచయితలుండేవారని నిర్ణయించడం పొరపాటు. సంపాదకుడు పాఠకుని గొంతును అరువు తెచ్చుకున్న చోట ఆ గొంతు సమాజానికి సాక్ష్యం కాదు. అది సంపాదకుని ఆకాంక్షకు మాత్రమే సాక్ష్యం.

4. ఆక్షేపణ - ఆహ్వానం

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరనే ఆక్షేపణ వచ్చినప్పుడు దానికి సంపాదకీయంలోనే సమాధానం చెప్పి ఊరుకోవచ్చు. వ్యంగ్యంలో, వాదనలో సురవరం సమర్థుడు. అయినా ఆ పని పాఠకులకు అప్పగించాడు. ఈ ప్రాంతపు కవులు తమ పద్యాలను పంపాలని పత్రిక ద్వారా పిలుపునిచ్చాడు. ఫలితంగా 354 మంది కవులతో సంచిక వెలువడింది. కవయిత్రులకూ అందులో చోటు లభించింది.

ఈ పిలుపు ఫలించడానికి కారణం దాని స్వభావంలోనే ఉన్నది. 'మీ అభిప్రాయాలు తెలియజేయండి' అన్న సాధారణ విన్నపానికి జవాబు రాయకపోయినా పోయేదేమీ లేదు. కవులు లేరన్న మాటకు జవాబు రాయకపోతే మాత్రం ఆ మౌనమే ఆక్షేపణకు రుజువవుతుంది. పైగా ఏమి పంపాలో స్పష్టంగా ఉన్నది. వ్యాసం కాదు, వాదం కాదు, చేతనైన పద్యం. తౌరక్యాంధ్రమన్న నింద మాట్లాడే భాషకు తగులుతుందేమో కాని ఛందస్సు తప్పని పద్యాన్ని అంత సులభంగా తోసిపుచ్చలేదు. వచనం రాయడానికి జంకిన పండితుడు కూడా పద్యం పంపడానికి జంకలేదు. అంతకుముందు 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్రమహాసభ ఇచ్చిన ధైర్యాన్ని కూడా ఈ సందర్భంలో విస్మరించరాదు.

సంచికలోని కవిత్వం సమస్థాయిలో లేదనే విమర్శకు ఆధారం లేకపోలేదు. ప్రౌఢమైన పద్యాల పక్కనే సాధారణమైన పద్యాలు చేరాయి. అయితే పది మంది ఉత్తమ కవులను ఏరి ప్రకటించి ఉంటే పది మంది కవులున్నారని మాత్రమే తేలేది. ఆక్షేపణ సంఖ్యకు సంబంధించినది కనుక సమాధానం కూడా సంఖ్యలోనే చెప్పవలసి వచ్చింది. గుణం విషయంలో సంపాదకుడు చూపిన ఔదార్యం తెలిసి చేసినదేనని భావించడం సమంజసం.

ఆ ఔదార్యానికీ ఒక హద్దు ఉన్నది. పిలుపు అచ్చులో వెలువడింది, జవాబు కాగితం మీద రావాలి, పద్యానికే ప్రాధాన్యం. అక్షరాస్యత అత్యల్పంగా ఉన్న ఆ రోజుల్లో పాటనే నమ్ముకున్న గాయకునికి, నాటుపెట్టుకుంటూ పదం కట్టిన స్త్రీకి ఆ పిలుపు చేరే దారి లేదు. కనుక సంచికలోని సంఖ్యను తెలంగాణ కవుల సంఖ్యగా కాక, పత్రిక చేరిన మేరకు జవాబు చెప్పినవారి సంఖ్యగా గ్రహించాలి. కవుల పేర్లను ఊళ్లవారీగా విడదీసి, గ్రంథాలయాలున్న ఊళ్లతోను, తపాలా సౌకర్యమున్న ఊళ్లతోను పోల్చిచూస్తే ఆ మేర ఎంతటిదో పటం మీద గీయవచ్చు.