మేక్ క్లీన్ మంత్రం వెనక కథ

సీ లో పనిచేసే ఏ టీముని చూసినా ఒక ఆచారం కనిపిస్తుంది. ప్రోగ్రాము వింతగా ప్రవర్తించిందంటే చాలు, "ఓసారి మేక్ క్లీన్ కొట్టి చూడు" అంటారు. దిష్టి తీసినట్టు! చాలాసార్లు పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేసిందని అడిగేవాళ్ళే తక్కువ. నాకు ఆ ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. దాని జవాబు కోసం 1976 దాకా వెనక్కెళ్ళాలి.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్. యాక్ రాసిన స్టీవ్ జాన్సన్ ఒకరోజు తన ఖర్మని తిట్టుకుంటూ స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి వచ్చాడు. పొద్దుటి నుంచీ ఒక బగ్ కోసం వెతుకుతున్నాడు. తీరా చూస్తే ఆ బగ్ అప్పటికే సరిచేసేశాడు, కానీ ఆ ఫైలుని మళ్ళీ కంపైల్ చెయ్యలేదు. పాత ఆబ్జెక్ట్ ఫైలే లింకయింది. లేని తప్పు కోసం పూటంతా పోయిందన్నమాట. ఫెల్డ్‌మన్ కూడా ముందురోజు సాయంత్రం ఇలాంటి దానితోనే తంటాలు పడ్డాడు. మేక్ అలా పుట్టింది.

సూత్రం చాలా చిన్నది. ఏ ఫైలు దేనిమీద ఆధారపడుతుందో రాయండి, దానికింద తయారుచేసే కమాండ్ రాయండి. మూలం కన్నా టార్గెట్ పాతదైతే మేక్ మళ్ళీ తయారుచేస్తుంది, లేకపోతే ముట్టుకోదు. (కమాండ్ ముందు ట్యాబ్ గొడవ కూడా అప్పటిదే. మార్చుదామనుకునేసరికి డజను మంది వాడేస్తున్నారట, వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశాడు!) ఈ పనికి ఫెల్డ్‌మన్‌కి 2003 ఏసీఎమ్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు వచ్చింది.

అయితే మేక్ మనం చెప్పిందే నమ్ముతుంది. చిక్కంతా హెడర్లతోనే. ఒక హెడర్‌లో స్ట్రక్ట్‌కి కొత్త ఫీల్డు చేర్చారనుకోండి. మేక్‌ఫైల్లో ఆ హెడర్ పేరు లేని సీ ఫైలు మళ్ళీ కంపైల్ అవ్వదు. ఒక ఆబ్జెక్ట్‌లో పాత సైజు, ఇంకోదాంట్లో కొత్త సైజు. లింకర్ పేర్లే చూస్తుంది, కాబట్టి నోరు మెదపదు. రన్ అయ్యేటప్పుడు మెమరీ పాడవుతుంది, అదీ ఇంకెక్కడో!

హెడర్ల జాబితా చేత్తో రాయడం ఎవరివల్లా కాదు. అందుకని మేక్‌డిపెండ్ లాంటి పనిముట్లు వచ్చాయి. కానీ వాటిని నడపాలని గుర్తుండాలి కదా. లినక్స్ కెర్నెల్ 2.4 లో కూడా ముందు 'మేక్ డెప్' కొట్టాల్సిందే.

అసలు కిటుకు ఏంటంటే, ఏయే హెడర్లు తెరిచిందో కంపైలర్‌కే తెలుసు. జీసీసీకి మైనస్ ఎంఎండీ ఇస్తే కంపైల్ చేస్తూనే ఆ జాబితా రాసిపెడుతుంది. మరి మొదటిసారి జాబితా ఉండదుగా? అక్కర్లేదు. ఆబ్జెక్టే లేదు కాబట్టి ఎలాగూ కంపైల్ అవుతుంది. జాబితా కావల్సింది రెండోసారికి, అప్పటికది సిద్ధంగా ఉంటుంది. డిసెంబరు 2003 లో వచ్చిన కెర్నెల్ 2.6 తో 'మేక్ డెప్' అవసరం పోయింది.

ఇంకో కంత మిగిలింది. కంపైలర్ ఫ్లాగు మారిస్తే మామూలు మేక్‌కి తెలియదు, అది చూసేది ఫైళ్ళ టైమ్ మాత్రమే. నింజా మాత్రం పోయినసారి వాడిన కమాండ్‌ని కూడా గుర్తుపెట్టుకుంటుంది. కెర్నెల్ బిల్డ్ కూడా అంతే.

నా అభిప్రాయం ఇది: మేక్ క్లీన్‌తో పోయిన బగ్ నిజంగా పోలేదు. తప్పు మేక్‌ఫైల్లో అలాగే ఉంది, మనం సాక్ష్యాన్ని చెరిపేశాం, అంతే. రేపు ఇంకొకరి పూట పోతుంది, జాన్సన్‌కి పోయినట్టే.

మీ ప్రాజెక్టులో చిన్న పరీక్ష చేసి చూడండి. బిల్డ్ పూర్తయ్యాక ఒక హెడర్‌ని టచ్ చేసి, మేక్ మైనస్ ఎన్ కొట్టండి. దాన్ని ఇన్‌క్లూడ్ చేసిన ఫైళ్ళన్నీ లిస్టులో కనిపించాలి. ఒక్కటి తగ్గినా, మీ దిష్టి ఎక్కడుందో దొరికినట్టే.