చారిత్రక చిత్రం: ఇరుపక్షాల శోకం

ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారాన్ని ఆశ్రయించి వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలలో బొబ్బిలి వైపువారూ ఉన్నారు, విజయనగరం వైపువారూ ఉన్నారు. ఆ ఇరువురినీ ఒకే ప్రదర్శనశాలలో కూర్చుండబెట్టి కంట తడి పెట్టించగలదే గొప్ప చారిత్రక చిత్రమని నా అభిప్రాయం.

1757 జనవరి 24న బొబ్బిలి కోటను కూల్చినవి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులే. కాని వాటిని అచ్చటికి రప్పించినది ఇరుగుపొరుగు సంస్థానాల వైరం. 1964లో సి. సీతారాం దర్శకత్వాన ‘బొబ్బిలి యుద్ధం’ వెండితెర కెక్కింది. రంగారాయలుగా ఎన్.టి. రామారావు, తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి. రంగారావు నటించారు. ఇట్టి కథకు కోటగోడలు, సేనలు అలంకారాలు మాత్రమే. కోటలో స్త్రీలూ, పిల్లలూ మడిసిరి. పిమ్మట డేరాలో పాపారాయుని చేత విజయరామరాజు హతుడాయెను. మిగిలినది విజయం కాదు, రెండు ఇండ్ల శోకం. శత్రువు ఇంటి శోకాన్నికూడ మనదిగా తోపింపజేసినప్పుడే చిత్రానికి ఇతిహాసగౌరవం సిద్ధిస్తుంది.