మారేడుమిల్లి మన్యంలో ఇంటి పునర్విక్రయం: తొలి అమ్మకం నుంచి మలి అమ్మకం దాకా భూబదలాయింపు చట్టాల పరిణామం

వ్యాససంగ్రహం

ఉద్యోగ విరమణ తరువాత చల్లని కొండప్రాంతంలో ఎవరో కట్టుకున్న ఇంటిని కొనుక్కొని స్థిరపడాలన్న కోరిక ఇటీవల మధ్యతరగతిలో బలపడుతోంది. షెడ్యూల్డు ప్రాంతమైన మారేడుమిల్లిలో ఈ కోరికకు చట్టం అడ్డుగా నిలుస్తుంది. ఈ అడ్డు ఎలా ఏర్పడిందో 1879 నాటి రంప తిరుగుబాటు నుంచి 1997 నాటి సమత తీర్పు వరకు ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1917, 1959 నాటి చట్టాలు గిరిజనుడు చేసే తొలి అమ్మకాన్ని నియంత్రించగా, 1970 సవరణ గిరిజనేతరుల మధ్య జరిగే మలి అమ్మకాన్ని నిషేధించిందనీ, గిరిజన భూరక్షణ చరిత్రలో అసలు మలుపు అదేననీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మారేడుమిల్లి, షెడ్యూల్డు ప్రాంతం, 1/70 చట్టం, పునర్విక్రయం, విశ్రాంత నివాసం, కొండరెడ్లు.

1. ఉపోద్ఘాతం

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా భద్రాచలం వెళ్లే ఘాట్ రోడ్డు మీద మారేడుమిల్లి ఉంది. చిరకాలం తూర్పు గోదావరి జిల్లాలో భాగమైన ఈ మండలం 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. కొండరెడ్లు, కోయదొరలు ఇక్కడి ప్రధాన గిరిజన సమాజాలు. కొన్నేళ్లుగా వాగులు, అడవి, వెదురుబొంగులో వండే కోడిమాంసం మైదాన ప్రాంతపు పర్యాటకులను ఇటు రప్పిస్తున్నాయి. ఒకసారి వచ్చి వెళ్లినవారిలో కొందరికి విశ్రాంత జీవితం ఇక్కడే గడపాలనిపించడం సహజం.

ఊటీ, కూనూరు వంటి చోట్ల ఈ కోరికకు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. 1820ల నుంచి ఆంగ్లేయ అధికారులు నీలగిరుల్లో ఇళ్లు కట్టుకున్నారు. తరువాత ఆ ఇళ్లు చేతులు మారాయి. మదనపల్లె చేరువలోని హార్సిలీ కొండల మీద కూడా 1870 ప్రాంతంలో ఒక కలెక్టరు కట్టుకున్న ఇంటితోనే వేసవి విడిది మొదలైంది. గోదావరి మన్యం మాత్రం ఆ బాట పట్టలేదు. మన్యపు జ్వరానికి భయపడి ఆనాటి అధికారులు అక్కడ స్థిరపడడానికి జంకారు. ఆ భయం తగ్గేనాటికి చట్టం అడ్డు వచ్చింది. ఆ చట్టం ఎందుకు వచ్చింది, దేనిని కాపాడింది, ఎక్కడ వీగిపోతోంది అన్నవే ఈ వ్యాసంలోని ప్రశ్నలు.

2. అమ్మకపు వస్తువు కాని ఇల్లు

మన్యంలో ఇల్లు మొదటి నుంచీ క్రయవిక్రయాల వస్తువు కాదు. వెదురు, కర్ర, మట్టి, గడ్డి అడవి ఇచ్చేవి. కట్టే చేతులు ఇంటివారివీ ఇరుగుపొరుగువారివీ. పోడు సాగు సాగినన్నాళ్లు కొండవాలు మారినప్పుడు నివాసమూ మారేది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ కొండరెడ్లపై 1945లో వెలువరించిన గ్రంథం పాపికొండల పరిసరాలలోని ఈ జీవనాన్నీ, దానిపై కలప వ్యాపారుల, వడ్డీ వ్యాపారుల ఒత్తిడినీ నమోదు చేసింది. భూమి మీద హక్కు వ్యక్తి చేతిలోని పట్టా రూపంలో కాక, ఊరికీ ముఠాకూ చెందిన అనుభవం రూపంలో ఉండేది.

ఈ వ్యవస్థలోకి మైదాన ప్రాంతపు వ్యాపారి అప్పుతో ప్రవేశించాడు, న్యాయస్థానం డిక్రీతో ప్రవేశించింది. 1879 మార్చిలో మొదలైన రంప తిరుగుబాటుకు కల్లు మీద పన్ను, మన్సబుదారు వసూళ్లు, పోలీసుల పీడనతో పాటు ఇది కూడా ఒక ప్రధాన కారణమని నాటి ప్రభుత్వ విచారణలే అంగీకరించాయి. వ్యాపారులు దూరపు కోర్టుల్లో దావా వేసేవారు. కొండవాడు హాజరు కాలేకపోయేవాడు. ఏకపక్ష డిక్రీ వచ్చాక పశువులు, పంట జప్తు అయ్యేవి. 1880 నాటికి తిరుగుబాటు అణగింది. మన్సబుదారును తొలగించి ముఠాదారులకు నేరుగా సనదులిచ్చారు. మన్యాన్ని సాధారణ న్యాయపాలనకు వెలుపల ఉంచడమే క్షేమమన్న భావన ప్రభుత్వంలో బలపడింది. ఈ భావనలో గిరిజనుల పట్ల దయ కంటే శాంతిభద్రతల చింత ఎక్కువ. అయినా తరువాతి చట్టాలన్నింటికీ ఇదే పునాది.

3. తొలి అమ్మకంపై ఆంక్ష: 1917, 1959

గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు వర్తించే ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం 1917లో వచ్చింది. అప్పునూ భూమినీ ఒకే చట్టంలో చేర్చడం గమనించదగ్గది. భూమి చేజారేది అప్పు దారినే అన్న ఎరుక ఇందులో కనిపిస్తుంది. కొండజాతి వ్యక్తి తన స్థిరాస్తిని మరో కొండజాతి వ్యక్తికి తప్ప ఇతరులకు బదలాయిస్తే చెల్లదు. అయితే ఏజెంటు గానీ నిర్ణీత అధికారి గానీ ముందుగా రాతపూర్వకంగా అనుమతిస్తే చెల్లుతుంది. ఈ మినహాయింపులోనే చట్టపు బలహీనత ఉంది.

1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం మళ్లీ భగ్గుమంది. అటవీ ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి ఆ పోరాటానికి ప్రధాన కారణాలు. 1917 చట్టం ఉన్నా కొండవాడి బతుకు భద్రం కాలేదని ఆ పోరాటం రుజువు చేసింది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ఈ ప్రాంతాలను పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలుగా గుర్తించింది. రాజ్యాంగం ఐదవ షెడ్యూలు ద్వారా ఇక్కడి భూబదలాయింపును నియంత్రించే నిబంధనలు చేసే అధికారాన్ని గవర్నరుకు ఇచ్చింది.

ఆ అధికారంతోనే ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. 1963లో ఇది తెలంగాణలోని షెడ్యూల్డు ప్రాంతాలకూ విస్తరించింది. దీని తొలి రూపం 1917 చట్టానికి దగ్గరిదే. ఆంక్ష గిరిజనుడు చేసే బదలాయింపుకే పరిమితం. అధికారి అనుమతి అన్న కిటికీ తెరిచే ఉంది. భూమి ఒకసారి గిరిజనేతరుడి చేతికి చేరిందా, అది రెండోసారి, మూడోసారి ఎవరికి అమ్ముడుపోయినా ఈ నిబంధనకు పట్టింపు లేదు. తొలి గడప దాటిన ఆస్తి ఇక మైదాన ప్రాంతపు ఆస్తిలాగే చలామణి కావచ్చు.

4. మలి అమ్మకంపై నిషేధం: 1970

1960ల చివరి సంవత్సరాలు ఏజెన్సీకి కల్లోల కాలం. శ్రీకాకుళం గిరిజనోద్యమం భూమి అన్యాక్రాంతాన్ని రాష్ట్ర రాజకీయాల నడిబొడ్డుకు తెచ్చింది. 1969లో ముఠాల రద్దు నిబంధన, 1970లో రైత్వారీ సెటిల్మెంటు నిబంధన వెలువడ్డాయి. ముఠా పోయి పట్టా వచ్చేవేళ ఆ పట్టా ఎవరి పేర ఉంటుందన్నది కీలకమైంది. సరిగ్గా ఆ సమయంలో, 1970 ఫిబ్రవరి 3 నుంచి, 1959 నిబంధనకు సవరణ అమలులోకి వచ్చింది. ప్రజల నోట ‘1/70 చట్టం’గా నిలిచినది ఇదే.

ఈ సవరణలో నాలుగు అంశాలు ముఖ్యం. మొదటిది, బదలాయించేవాడు గిరిజనుడైనా కాకపోయినా, కొనేవాడు గిరిజనుడో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో కావాలి. లేకుంటే ఆ బదలాయింపు పూర్తిగా చెల్లదు. రెండవది, అధికారి అనుమతితో మినహాయింపు పొందే మార్గం మూసుకుపోయింది. మూడవది, గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న ఆస్తి గిరిజనుడి నుంచి సంక్రమించిందనే చట్టం తలుస్తుంది. కాదని నిరూపించే భారం స్వాధీనదారుడిదే. నాలుగవది, అమ్మదలచినవాడికి గిరిజన కొనుగోలుదారు దొరకకపోతే ఆస్తిని ప్రభుత్వానికి అప్పగించి పరిహారం పొందవచ్చు.

మొదటి అంశం ఈ చరిత్రకు ఇరుసు వంటిది. తొలి అమ్మకాన్ని మాత్రమే కాపలా కాస్తే, దాటిపోయిన ఆస్తి ఎప్పటికీ తిరిగి రాదు. మలి అమ్మకాన్ని కూడా గిరిజనుడి వైపే మళ్లిస్తే, ప్రతి చేతిమార్పిడీ ఆస్తిని వెనక్కి తెచ్చే అవకాశమవుతుంది. నిషేధంగా కనిపించే ఈ నియమం కాలక్రమంలో పునరుద్ధరణ సాధనంగా పనిచేయాలన్నది దాని అంతరార్థం.

‘బదలాయింపు’ నిర్వచనమూ విశాలమైనది. అమ్మకం, తనఖా, కౌలు, దానం, మార్పిడి, ఆస్తికి సంబంధించిన ఒప్పందం అన్నీ అందులోకి వస్తాయి. గిరిజనేతరుడి లాభం కోసం గిరిజనుడి పేరిట నడిపే బినామీ కొనుగోలు, డిక్రీ అమలు కోసం జరిగే వేలం కూడా బదలాయింపులే. కుటుంబ విభజన, వారసత్వ సంక్రమణ మాత్రం కావు. 1971 సవరణ గిరిజనులు బ్యాంకులకు స్వాధీనం లేని తనఖా పెట్టి రుణం తీసుకునే వీలు కల్పించింది. 1978 సవరణ ఈ నిబంధనకు విరుద్ధమైన దస్తావేజుల రిజిస్ట్రేషన్‌ను నిషేధించి, ఉల్లంఘనను శిక్షార్హం చేసింది.

5. ఇల్లు ‘భూమి’ అవుతుందా?

ఐదవ షెడ్యూలు ‘భూమి’ బదలాయింపును ప్రస్తావిస్తుంది. అయితే భూమి మీది ఇంటిని విడిగా అమ్మవచ్చా? పి. రామిరెడ్డి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య కేసులో 1988లో సుప్రీం కోర్టు ముందుకు వచ్చిన వాదాలలో ఇది ఒకటి. భూమి అన్న మాట దాని మీద నిలిచిన కట్టడాలను కూడా కలుపుకొనేంత విస్తృతమైనదని కోర్టు తేల్చింది. గిరిజనేతరుల మధ్య బదలాయింపును నిషేధించడం రాజ్యాంగబద్ధమేనని కూడా ఆ తీర్పు సమర్థించింది. ఇల్లు కొనుగోలు విషయంలో ఇంతకంటే సూటి తీర్పు మరొకటి అక్కరలేదు. ఇంటికి గోడలు విడిగా, నేల విడిగా వెలకట్టే ఉపాయం ఇక్కడ పనిచేయదు.

1997 జూలై 11న వెలువడిన సమత తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. అనంతగిరి మండలంలో గనుల లీజులపై సాగిన ఆ కేసులో, నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న పదం ప్రభుత్వానికీ వర్తిస్తుందని కోర్టు పేర్కొంది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదన్నది దాని ఫలితం. అంతకు ముందటి ఏడాది వచ్చిన పెసా చట్టం, అన్యాక్రాంతాన్ని అడ్డుకొని చేజారిన భూమిని తిరిగి ఇప్పించే అధికారాన్ని గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీలకు దక్కేలా చూడాలని రాష్ట్రాలను ఆదేశించింది.

6. వయసు కంచె, తెగ కంచె

కొనుగోలుదారుడి అర్హతను బట్టి ఇంటి పునర్విక్రయాన్ని పరిమితం చేయడం మన్యానికే ప్రత్యేకం కాదు. అమెరికాలోని అరిజోనాలో 1960 జనవరి 1న డెల్ వెబ్ సంస్థ ప్రారంభించిన సన్ సిటీ, విశ్రాంత జీవుల నివాస సముదాయాలకు నమూనాగా నిలిచింది. అటువంటి సముదాయాల్లో ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి వయసు చూస్తారు. నివాసమున్న ఇళ్లలో కనీసం 80 శాతంలో 55 ఏళ్లు దాటినవారు ఒక్కరైనా ఉంటే ఆ సముదాయానికి ప్రత్యేక మినహాయింపునిస్తూ 1995లో అక్కడ చట్టం చేశారు. ఒక జీవన విధానం నిలవాలంటే తొలి కొనుగోలుదారుడినే కాక, తరువాత వచ్చే ప్రతివాడినీ పరీక్షించాలన్న తర్కం రెండుచోట్లా ఒకటే.

తేడా మూలంలో ఉంది. అక్కడి కంచె కలిసి జీవించదలచినవారు ఒప్పందంతో కట్టుకున్నది. ఇక్కడిది, ఉన్న ఊరిని పోగొట్టుకుంటున్నవారి కోసం రాజ్యాంగం నిలిపినది. అక్కడ కాదనిపించుకున్నవాడు మరో ఊరిలో ఇల్లు చూసుకుంటాడు. కొండవాలు చేజారిన కొండరెడ్డికి మరో ఊరు లేదు.

7. మిగిలిన చిక్కులు

చట్టం స్పష్టంగా ఉన్నంత మాత్రాన ఆచరణ సరళం కాదు. తరతరాలుగా మన్యంలో ఉంటున్న గిరిజనేతర కుటుంబాలకు తమ ఇల్లు వారసులకు దక్కుతుంది గానీ బయట అమ్ముడుపోదు. 1959కి ముందు జరిగిన బదలాయింపులకు ఈ నిబంధన వెనుకకు వర్తించదని సుప్రీం కోర్టు 1995లో తేల్చింది. అయినా నాటి పత్రాలు చూపలేనివారికి నిరూపణ భారం బరువైనదే.

గిరిజనుల వైపు నుంచీ ఒక ప్రశ్న ఉంది. ఉద్యోగం చేసి విరమించిన గిరిజనుడు తన ఇంటిని అమ్మదలిస్తే కొనగలిగినవారు కొద్దిమందే. అందువల్ల ధర తగ్గుతుంది. భద్రతకు చెల్లించే మూల్యమిది. ఆ మూల్యాన్ని ప్రభుత్వం పంచుకోకపోతే, చాటుమాటు ఒప్పందాల వైపు ఆకర్షణ పెరుగుతుంది. స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం, దీర్ఘకాలపు కౌలు, గిరిజనుడి పేరున కొనుగోలు అనే మూడు దారులూ చట్టం పేరు పెట్టి మరీ మూసినవే. వాటిని నమ్మి జీవితకాలపు పొదుపును పెట్టిన విశ్రాంత ఉద్యోగికి హక్కు రాదు. వివాదం వస్తే ఆ ఆస్తి అమ్మిన గిరిజనుడికో, అతని వారసులకో, మరో గిరిజనుడికో చేరుతుంది. పర్యాటకం పెరిగేకొద్దీ ఈ ఒత్తిడి హెచ్చుతుంది.

8. ముగింపు

మారేడుమిల్లికి అతిథిగా వచ్చి రాత్రి గడపడానికి అడ్డు లేదు. యజమానిగా స్థిరపడడానికి ఉంది. ఈ తేడా ఒక శతాబ్దపు అనుభవం నుంచి పుట్టింది. కోర్టు డిక్రీ చేసిన హానికి విరుగుడుగా 1917 చట్టం వచ్చింది. అనుమతి అన్న కిటికీ చేసిన హానికి విరుగుడుగా 1970 సవరణ వచ్చింది. తొలి అమ్మకాన్ని మాత్రమే చూసిన చట్టాలు ఓడిపోయాయి. మలి అమ్మకాన్ని చూసిన చట్టానికే నిలిచే బలం దక్కింది. ఆ బలం పత్రాల్లో ఉన్నంతగా ఊళ్లోనూ ఉండాలంటే, అమ్మదలచిన గిరిజనుడికి న్యాయమైన ధర, కొనదలచిన గిరిజనుడికి రుణం, గ్రామసభకు అధికారం సమకూరాలి. అప్పుడే మన్యపు ఇల్లు దాని మొదటి యజమానుల సంతతికి విశ్రాంత నివాసంగా మిగులుతుంది.