బ్యారన్ పక్కన నులక మంచం

గుంటూరులో బయల్దేరినప్పుడు ముక్కుకెక్కిన మిరప ఘాటు చిలకలూరిపేట దాకా మిమ్మల్ని వదల్లేదు. దారి పొడుగునా కళ్లాల మీద ఎర్రగా ఆరబోసిన కాయ, దాని పక్క చేలల్లో తీత అయిపోయి ఎండి నిలబడ్డ పత్తి కట్టె. మేదరమెట్ల దాటాక ఎరుపు పలచబడింది. ఒంగోలు కూడా దాటి, టంగుటూరు దగ్గర కొండపి రోడ్డు పట్టుకునేసరికి పొద్దు గుంకింది. ఫిబ్రవరి నెల. మంచు దిగడం మొదలైంది. ఇప్పుడు గాలిలో వస్తున్న వాసన వేరు. కాగుతున్న బెల్లం, ఎండుగడ్డి, కాలే తుమ్మ మొద్దు, ఈ మూడూ కలిసినట్టుంది.

బండి ఆపి చేనిగట్టు మీద నడవండి. ఎదురుగా రెండు ఇటుక గదులు, ఒక్కోటి రెండంతస్తుల ఎత్తు. గోడలకు కిటికీల్లేవు. ముందు ఒక తలుపు, కింద గాలి రంధ్రాలు, పైకప్పులో తెరిచి మూసే సందు. వీటినే ఇక్కడ బ్యారన్లు అంటారు. మొదటిదాని వెనక గోడకు ఉన్న పొయ్యి నోట్లో మంట ఎర్రగా మెరుస్తోంది. దాని ముందు తలపాగా చుట్టుకున్న పెద్దాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. రెండోదాని తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల చీకటి.

"చెప్పులు అక్కడే వదిలి రండి బాబూ, ఆకు తొక్కుతారు."

చెట్టు కింద లైటు వెలుతురులో ఆడవాళ్లు పచ్చాకు అల్లుతున్నారు. ఎడమ చేత్తో రెండు మూడు ఆకులు జత చేసి, కుడి చేత్తో పురికొస మెలేసి, కర్రకు ఒకసారి ఇటు, ఒకసారి అటు. చూస్తుండగానే కర్ర నిండిపోయింది, కర్రకు వంద ఆకుల పైనే. వాళ్ల వేళ్లు చూడండి. మోచేతి దాకా నల్లటి బంక, సబ్బుకు లొంగదు. ఆకు తడిగా ఉన్న రోజు ఆ బంక ఒంట్లోకి దిగి, కడుపులో తిప్పి వాంతులవుతాయి. ఆ మాట వాళ్లు నవ్వుతూనే చెబుతారు, వినే మనకే నవ్వు రాదు.

బ్యారన్ ఖాళీ అవగానే ఈ నిండిన కర్రలు మనిషి చేతి నుంచి మనిషి చేతికి పైకెక్కుతాయి. బ్యారన్ లోపల దూలాలు అంచెలంచెలుగా ఉంటాయి. వాటి మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ కుర్రాడు కర్రల్ని పై అంచె నుంచి కిందికి వరసగా పేర్చుకుంటూ వస్తాడు. నేల మీద రేకు గొట్టాలు గదంతా చుట్టి ఉన్నాయి. పొయ్యి బయట, వేడి గొట్టాల్లో. పొగ ఆకును తాకదు.

పెద్దాయన గోడలోని చిన్న అద్దంలోంచి థర్మామీటరు చూసి, ఒక మొద్దు వెనక్కి లాగాడు. మొదటి రెండు రోజులు వేడి వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదు. కోసిన ఆకులో ఇంకా ప్రాణం ఉంటుంది. ఆ ప్రాణం ఉన్నంతసేపే లోపలి పిండి చక్కెరవుతుంది, పచ్చదనం పసుపుకు తిరుగుతుంది. తొందరపడి మంట పెంచితే పచ్చగానే చచ్చిపోతుంది, ఆలస్యం చేస్తే గోధుమరంగుకు పోతుంది. పసుపు నిలిచాక మెల్లగా పెంచుకుంటూ పోయి, చివర్లో నడిమి ఈనె ఎండడానికి నూట అరవై దాకా తీసుకెళ్లాలి. మొత్తం ఐదారు రోజులు. ఆ రాత్రులన్నీ ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే.

"కర్ర నుంచి ఒక్క ఆకు జారి కాలే గొట్టం మీద పడిందంటే చాలు బాబూ, బ్యారన్ మొత్తం బుగ్గే."

ఈ కిటికీల్లేని ఇళ్లు మన చేలల్లోకి ఎలా వచ్చాయో చూడాలంటే వందేళ్లు వెనక్కి పోవాలి.

1910 ఆగస్టు 24న కలకత్తా రాధాబజార్ సందులో ఒక అద్దె గదిలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా మొదలైంది. సిగరెట్లు చుట్టాలంటే ఆకు కావాలి. ఆకు కోసం వాళ్లు దక్షిణానికి చూశారు. 1912లో గుంటూరు జిల్లాలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పుట్టింది. అంత పొడుగు పేరు జనం నోట ఐఎల్‌టీడీ అయి కూర్చుంది. చీరాలలో ఇప్పటికీ ఆ మాటే చిరునామా.

అప్పటికి ఇక్కడ పొగాకు లేక కాదు. నాటు పొగాకు ఉంది, ఎండలో ఆరేది, చుట్టల్లోకి పోయేది. కంపెనీకి కావలసింది అమెరికా వర్జీనియా రకం. 1919లో బ్రిటన్ తన సామ్రాజ్యంలో పండిన సరుకుకు సుంకం తగ్గించింది. మరుసటి ఏడు, 1920లో, గుంటూరు నల్లరేగడిలో వర్జీనియా విత్తనం పడింది. 1928లో గొట్టాల వేడితో ఆకు ఎండబెట్టే మొదటి బ్యారన్ లేచింది. ఊళ్లో మనుషులకు మట్టిగోడలు, తాటాకు కప్పులు. చేలో ఆకుకు మాత్రం ఇటుకల మేడ. దాన్ని చూడ్డానికి గట్టు మీద నిలబడ్డ రైతు కళ్లతో ఒక్కసారి చూడండి. ఆ మేడ కట్టడానికి అతను అప్పు చేయాలి, ఆకు కొనేవాడు చెప్పిన ధర ఒప్పుకోవాలి. చేసేశాడు, ఒప్పుకున్నాడు. అప్పటి గుంటూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలు సీమకు ఈ పంట పాకి, తర్వాత తేలిక నేలల్లోనూ కుదురుకుంది.

ధర చెప్పే చెయ్యి మారడానికి చాలా ఏళ్లు పట్టింది. 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చింది. ఆ తర్వాత పదేళ్లలోపే వేలం కేంద్రాలు తెరుచుకున్నాయి. టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి పేర్లు అలా పొగాకు లెక్కల్లోకి ఎక్కాయి. ఇప్పుడు బ్యారన్ అంటే గది మాత్రమే కాదు. బ్యారన్‌కు ఇంత అని బోర్డు కోటా ఇస్తుంది, బ్యారన్ లేని రైతు కౌలుకు తీసుకుంటాడు.

కంపెనీ మటుకు ఆకు దగ్గరే ఆగిపోలేదు. 1970లో పేరులోంచి ఇంపీరియల్ తీసేసింది, 1974లో ఐటీసీ అయింది. 1975 అక్టోబరులో మద్రాసులో ఒక హోటల్ కొని చోళ అని పేరు పెట్టి అతిథుల వ్యాపారంలో అడుగుపెట్టింది. 2022 జనవరిలో గుంటూరు విద్యానగర్‌లో ఆ కంపెనీ వెల్‌కమ్ హోటల్ తెరుచుకుంది. ఆకు కొనుక్కోవడానికి వచ్చిన వాళ్లు అదే ఊళ్లో పడక పరచడానికి నూట పదేళ్లు పట్టింది. అదే ఏడు నవంబరులో, వస్తూ మీరు దాటిన యడ్లపాడు మండలం వంకాయలపాడులో, వాళ్ల మసాలా దినుసుల ఫ్యాక్టరీ మొదలైంది. 2025 జనవరి 1 నుంచి హోటళ్లు వేరే కంపెనీ అయ్యాయి. ఆకు ఒక ఇంట, అతిథి ఒక ఇంట.

మిర్చి యార్డుకు ఎక్కడెక్కడి నుంచో వచ్చే వ్యాపారులకు గుంటూరులో మంచి బస అవసరమే, అది దొరకడం నాకు సంతోషమే. కానీ ఆకుతో బతికిన ఈ సీమకు వచ్చిన మనిషి ఆకు పక్కన పడుకుని లేవగలిగే చోటు ఒకటుండాలని నా కోరిక. ఎందుకో చెప్పడానికి కాసేపు మిమ్మల్ని ఇటలీ తీసుకెళ్లాలి.

ఫ్లారెన్స్, సియెనా నగరాల మధ్య కియాంతి అనే కొండసీమ ఉంది. అక్కడ గయోలె ఊరి పైన, అడవి అంచున, బదియా ఆ కొల్తిబువోనో అని ఒక పాత మఠం. మంచి పంట మఠం అని చెప్పుకోవచ్చు ఆ పేరుని. పదకొండో శతాబ్దంలో సన్యాసులు కట్టుకుని, కొండవాలు మీద ద్రాక్ష పెట్టి, వైను తీశారు. 1810లో, నెపోలియన్ రోజుల్లో, వాళ్లను ఖాళీ చేయించారు. 1846లో ఫ్లారెన్స్ బ్యాంకరు ఒకాయన కొన్నాడు. ఆయన వంశం వాళ్లే నేటికీ ఆ తోట నడుపుతున్నారు. సన్యాసులు పడుకున్న గదుల్లో ఇప్పుడు అతిథులు పడుకుంటారు. కింద నేలమాళిగలో పీపాలు, బయట తోట, రాత్రి భోజనంలో ఆ తోట వైనే.

కియాంతి చుట్టుపక్కల ఇలాంటివి బోలెడు. వాటి వెనక బాధ కూడా ఉంది. అక్కడ తరతరాలుగా సగపాలు సేద్యం. పండినదాంట్లో సగం భూస్వామికి, సగం రైతుకు. 1964లో కొత్త సగపాలు ఒప్పందాలు చట్టంతో నిషేధించారు. అప్పటికే రైతులు నగరాల ఫ్యాక్టరీలకు వెళ్లిపోతున్నారు, రాతి ఇళ్లు ఖాళీ పడ్డాయి. 1985లో సేద్యం చేసేవాళ్లు తమ పొలంలోనే అతిథుల్ని ఉంచుకోవచ్చని ఇంకో చట్టం వచ్చింది. పాడుపడ్డ ఇళ్లకు దీపం పెట్టింది అదే. వచ్చిన అతిథి డబ్బిచ్చి పోతాడు సరే, ద్రాక్ష ఎలా పండుతుందో కూడా చూసి పోతాడు.

మన దగ్గర కూడా అగ్గి మానేసిన బ్యారన్లున్నాయి. ఇందాక వచ్చే దారిలో మూడు చూశారు. ఒకదాంట్లో చొప్ప, ఇంకోదాంట్లో శనగ బస్తాలు. మూడోదాని పైకప్పు కూలి గోడలోంచి రావి మొక్క వచ్చింది. పొగాకు ఊపిరితిత్తులు తినే సరుకు, సాగు తగ్గడం మంచిదే, ఆ మాట నేను మనసారా అంటున్నాను. అయినా మూడు తరాలు నిద్ర మానుకుని కాచిన గోడలివి. పంట పోయినంత మాత్రాన ఆ నేర్పు, ఆ అప్పులు, ఆ చేతుల బంక ఎక్కడా గుర్తు లేకుండా పోవడం నాకు కష్టంగా ఉంది. అలాంటి గోడలకు రెండు కిటికీలు పెట్టి, అంచెలంచెల దూలాలు అలాగే ఉంచి, కింద పడకలు వేస్తే ఎంత బాగుంటుందో. పొద్దున జొన్న రొట్టె, గోంగూర, కళ్లం మీది ఎండు మిరపతో నూరిన కారం. ఆ ఊరివాళ్లే పెట్టాలి, డబ్బు ఆ ఊళ్లోనే ఉండాలి.

పరాయివాడికి చోటివ్వడం ఈ తీరానికి కొత్త కాదు. ఇక్కడి నుంచి సముద్రం వైపు, చినగంజాం పక్కన మోటుపల్లి ఉంది. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అంతకు ముందు రాజులు లాగేసుకునేవాళ్లు. మేము తీసుకోం, న్యాయమైన సుంకం తప్ప ఏమీ అడగం అని ఆయన రాతి మీద మాటిచ్చాడు. అదే శతాబ్దం చివర్లో వెనిస్ వర్తకుడు మార్కో పోలో తన పుస్తకంలో ముత్ఫిలి అని రాసిన రేవు ఇదే. సాలెగూడంత సన్నని నూలు బట్టల గురించి, రాజ్యమేలిన రాణి గురించి ఆ పుస్తకంలో ఉంది.

రాత్రి రెండు దాటింది. అల్లే ఆడవాళ్లు ఎప్పుడో ఇళ్లకు వెళ్లారు. పెద్దాయన పొయ్యికి కాస్త ఎడంగా నులక మంచం వాల్చి, దాని మీద గోనెపట్టా, పైన దుప్పటి పరిచాడు.

"మీరు పడుకోండి బాబూ. నాకు మేలుకోవడం అలవాటే."

"మరి ఆ బ్యారన్ తలుపు తీసే ఉంది తాతా, మూయరా?"

"మూస్తే ఎట్లా? అది మంచు తాగాలి."

వెన్నుకు పొయ్యి సెగ, ముఖానికి చలి. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. లేచేసరికి తూర్పు తెల్లబడుతోంది, దుప్పటి పైన మంచు తడి. తెరిచి ఉంచిన రెండో బ్యారన్ ముందు అప్పుడే నలుగురు చేరారు. కర్రలు దించుతున్నారు. నిన్న సాయంత్రం ఆ ఆకు ముట్టుకుంటే అప్పడంలా పెళపెళా విరిగేదే. రాత్రంతా మంచు తాగి ఇప్పుడు మెత్తబడింది.

పెద్దాయన ఒక ఆకు తుంచి మీ అరచేతిలో పెట్టాడు. నిమ్మపండు రంగు. నలిపితే విరగలేదు, పట్టుబట్టలా మడత పడి మళ్లీ మెల్లగా విచ్చుకుంది. మీ వేళ్లకు సన్నగా బంక అంటింది.

"ఇంకా రెండు రెలుపుల ఆకు కోయాల్సి ఉంది," అన్నాడు మంచం ఎత్తి గోడకు ఆనిస్తూ. "అవి అయ్యేలోపు మళ్లీ రండి."