బాక్సింగ్ డే టెస్టూ, పోర్ట్ ఆర్థరూ, మా డాలస్ వాడి పిస్తోలూ

నాకో జాబితా ఉంది. బీటెక్ మూడో ఏట హాస్టల్ రూమ్ గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నది. చచ్చేలోగా చెయ్యాల్సిన పనులు. సగం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది (బుల్లెట్ మీద లడాఖ్ అట.. నాకు బండి గేర్లు మార్చడమే సరిగ్గా రాదు). ఒక్కటి మాత్రం అలాగే ఉండిపోయింది: మెల్‌బోర్న్‌లో కూర్చుని బాక్సింగ్ డే టెస్టు చూడటం.

2024 డిసెంబర్ 28, శనివారం ఆ కోరికకి మళ్ళీ ప్రాణం వచ్చింది. మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉన్నాడు. అటు బుమ్రా అవుట్. ఆఖరి వికెట్, కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులు, ఎదురుగా సిరాజ్. వైజాగ్ సెంచరీ హైదరాబాద్ బ్యాటు మీద ఆధారపడింది! సిరాజ్ ఆ మూడూ ఆపాడు. తర్వాత బోలండ్ బౌలింగ్‌లో నితీశ్ ఫోర్ కొట్టాడు. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ముత్యాల రెడ్డిగారు స్టాండ్స్‌లో ఏడుస్తుంటే ఇక్కడ మా ఇంట్లో మా నాన్న కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ మ్యాచ్ మనం 184 పరుగుల తేడాతో ఓడిపోయాం, అది వేరే సంగతి. ఐదు రోజుల్లో 3,73,691 మంది వచ్చిన ఆ టెస్టుకి నేను వెళ్ళలేదన్నదే నా బాధ.

సరే, హాస్టల్ రూమ్మేట్లం ముగ్గురం కాన్ఫరెన్స్ కాల్ పెట్టుకున్నాం. నేను హైదరాబాద్, ఒకడు బెంగళూరు, ఒకడు డాలస్. యథాప్రకారం ముందు ఎక్సెల్ షీట్ తయారైంది :) చిక్కేమిటంటే 2025లో ఇదే బాక్సింగ్ డే టెస్టు రెండు రోజుల్లోనే ముగిసిపోయింది. ఐదు రోజులకి డబ్బులు కట్టి వెళ్తే మిగతా మూడు రోజులు ఏం చెయ్యాలి? విమానమెక్కితే గంటంబావులో టాస్మేనియా, అక్కడ హోబార్ట్ నుంచి కార్లో గంటన్నర వెళ్తే పోర్ట్ ఆర్థర్, పాత జైలు, చూడదగ్గ చోటు అని షీట్‌లో ఒక వరస కలిపాను.

ఆ పేరు వినగానే డాలస్ వాడు, "అదేగా తుపాకులన్నీ లాగేసుకోవడానికి కారణమైన ఊరు?" అన్నాడు.

వాడికి ఆ సంగతి తెలియడానికి కారణముంది. 2023 మే 6న డాలస్ దగ్గర ఆలెన్‌లో ఒక మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఎనిమిదిమంది పోయారు. వాళ్ళలో ఒకరు మన హైదరాబాద్ అమ్మాయి, మనలాగే ఇంజినీరు. మా వాడు వారం వారం వెళ్ళే మాల్ అది. నెల తిరక్కుండా పిస్తోలు కొన్నాడు. (ఈ వయసుకే గ్రీన్ కార్డు ఎక్కడిదంటారా, అక్కడే పుట్టి పెరిగిన మేనమామ కూతుర్ని చేసుకున్నాడు.) "పోలీసులొచ్చేదాకా నా పెళ్ళాంబిడ్డల్ని ఎవడు కాపాడతాడ్రా?" అన్నది వాడి ప్రశ్న. తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. కానీ ఆలెన్‌లో వేరే పని మీద వచ్చిన పోలీసు ఒకాయన అప్పటికే మాల్‌లో ఉన్నాడు. శబ్దం విని పరుగెత్తి వెళ్ళి కొద్ది నిమిషాల్లోనే ఆ దుర్మార్గుణ్ణి కాల్చేశాడు. అయినా ఎనిమిది ప్రాణాలు పోయాయి. ట్రైనింగ్ ఉన్నవాడు పక్కనే ఉన్నా అంతే.

వాదన తెగలేదు. దాంతో ఆ వారమంతా ఆఫీసు పని పక్కనపెట్టి (మేనేజర్ చదవడు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా) ఆస్ట్రేలియా కథ చదివాను.

పోర్ట్ ఆర్థర్ 1830లో ఖైదీల శిబిరంగా మొదలై 1877లో మూతపడింది. మెల్‌బోర్న్ గ్రౌండ్‌లో ప్రపంచంలోనే మొదటి టెస్టు జరిగింది కూడా 1877లోనే. తర్వాత అది టూరిస్టులు వచ్చే చోటైంది. 1996 ఏప్రిల్ 28, ఆదివారం మధ్యాహ్నం, బ్రాడ్ యారో కెఫేలో జనం భోజనం చేస్తుండగా ఒకడు బ్యాగులోంచి సెమీ ఆటోమేటిక్ తుపాకీ తీశాడు. ఆ రోజు 35 మంది చనిపోయారు, 23 మంది గాయపడ్డారు.

అదే మొదటిసారైతే ఏమో అనుకోవచ్చు. 1987 ఆగస్టులో మెల్‌బోర్న్ హాడిల్ స్ట్రీట్‌లో ఒకడు ఏడుగుర్ని చంపాడు. మన గ్రౌండ్ పక్కనుంచి పోయే పంట్ రోడ్డు ఉంది చూడండి, అదే ఉత్తరానికి వెళ్తే హాడిల్ స్ట్రీట్ అవుతుంది. అదే డిసెంబర్లో క్వీన్ స్ట్రీట్‌లో ఎనిమిదిమంది. రాష్ట్రాలన్నీ కూర్చుని మాట్లాడుకున్నాయి, ఏమీ తేలలేదు. విసుగెత్తిన న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) బ్యారీ అన్స్‌వర్త్, ఈ దేశంలో తుపాకీ చట్టాలు మారాలంటే ముందు టాస్మేనియాలో ఒక మారణకాండ జరగాలేమో అన్నాడు. తన రాష్ట్రంలో కఠినమైన చట్టం తెస్తానని 1988 ఎన్నికలకెళ్ళి ఓడిపోయాడు. ఆయనన్న మాట ఎనిమిదేళ్ళకి అక్షరాలా నిజమైంది.

అప్పుడు ప్రధాని జాన్ హోవార్డ్. గెలిచి రెండు నెలలు కూడా కాలేదు. ఆయన పార్టీ పేరు లిబరలే గానీ నిజానికి సంప్రదాయవాద పార్టీ. తుపాకీలున్న రైతుల ఓట్లు ఆయన కూటమివే. పైగా అక్కడ తుపాకీ చట్టాలు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. ఒప్పుకోకపోతే రెఫరెండం పెట్టి అధికారం లాక్కుంటానని బెదిరించి, పన్నెండు రోజుల్లో, మే 10న అన్ని రాష్ట్రాలనీ ఒప్పించాడు. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు, పంప్ యాక్షన్ షాట్‌గన్లు సామాన్యులకి నిషేధం. లైసెన్సు కావాలంటే సరైన కారణం చూపాలి, ఆత్మరక్షణ కారణం కిందకి రాదు. కొనడానికి 28 రోజులు ఆగాలి. అప్పటికే ఉన్నవాటిని ప్రభుత్వం డబ్బులిచ్చి కొని ముక్కలు చేయించింది. ఆరు లక్షల నలభై వేలకి పైగా తుపాకులు! ఆ డబ్బు కోసం జనం మీద ఒక్క ఏడాది 0.2 శాతం అదనపు పన్ను వేశారు.

ఊరికే అయిపోలేదు. సేల్ అనే ఊళ్ళో తుపాకీదారుల సభకి హోవార్డ్ కోటు లోపల బుల్లెట్ ప్రూఫ్ వేసుకుని వెళ్ళాడు. తన ఓటర్ల సభకే! క్వీన్స్‌లాండ్ ప్రీమియర్ రాబ్ బోర్బిడ్జ్ గ్రామీణ పార్టీ మనిషి, అయినా చట్టానికి మద్దతిచ్చాడు. 1998లో ఆ కోపంతో కదిలిన ఓట్లు వన్ నేషన్ అనే కొత్త పార్టీకి పోయి 89 సీట్లలో 11 వచ్చాయి. బోర్బిడ్జ్ కుర్చీ పోయింది. నాకు ఈ కథలో బాగా పట్టుకున్నది ఇదే. అవతలి పార్టీ వాణ్ణి తిట్టడం అందరూ చేస్తారు. తనకి ఓటేసినవాళ్ళకి ఎదురెళ్ళి "ఇది మీరు వదులుకోవాలి" అని చెప్పినవాళ్ళని, చెప్పి పదవి పోగొట్టుకున్నవాళ్ళని మనం ఎంతమందిని చూశాం?

మరి అంతటితో సుఖాంతమా అంటే కాదు. 2025 డిసెంబర్ 14న సిడ్నీ బోండై బీచ్‌లో యూదుల హనుకా పండగ జరుగుతుంటే తండ్రీకొడుకులిద్దరు 15 మందిని చంపారు. తండ్రికి తుపాకీ లైసెన్సు ఉంది. ఇంకోటి వినండి, మన ఫీల్డు వాళ్ళకి బాగా అర్థమవుతుంది. 1996 ఒప్పందంలో అన్ని రాష్ట్రాల తుపాకుల వివరాలూ కలిసే రిజిస్టర్ ఉండాలని ఉంది. ఏ రాష్ట్రం డేటాబేస్ దానిదిగా ఉండిపోయింది. 2022 డిసెంబర్లో క్వీన్స్‌లాండ్‌లో ఇద్దరు పోలీసులు, ఒక పొరుగాయన హతమయ్యాక, 2023 డిసెంబర్లో గానీ ఒకే జాతీయ రిజిస్టర్ కట్టడానికి ఒప్పుకోలేదు. 2024లో 16 కోట్ల డాలర్లు కేటాయించి, 2028 గడువు పెట్టారు. రిక్వైర్‌మెంట్ 1996లో, గడువు 2028లో! రిలీజ్ చేసి చప్పట్లు కొట్టి మెయింటెనెన్స్ వదిలేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

ఇదంతా మా వాడికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరే, వాళ్ళందరూ ఒకేసారి ఇచ్చేశారు. ఇక్కడ నేనొక్కణ్ణీ ఇచ్చేస్తే పక్కింటివాడి దగ్గర ఉంటుంది కదా" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. వెతికితే అసలు విషయం అక్కడే ఉందనిపించింది. ఒక్కడు భయపడి కొనుక్కోగలడు. కానీ ఒక్కడు ధైర్యం చేసి పారేస్తే సరిపోదు, అందరి చేతా ఒకేసారి పెట్టించే వాడొకడు కావాలి. అందుకే అది మార్కెట్లో దొరకదు, రాజకీయాల్లోంచే రావాలి. వాడి రెండేళ్ళ కూతురు అప్పుడే నిద్ర లేచి ఏడుస్తోంది. "పిస్తోలు ఎక్కడ పెట్టావు?" అనడిగాను. "నంబర్ లాక్ పెట్టెలో. ఆ నంబర్ నేనే మర్చిపోతుంటా" అన్నాడు. ముగ్గురం నవ్వాం గానీ ఆ నవ్వు సరిగ్గా రాలేదు.

ప్రయాణం మాత్రం ఖాయం. పోర్ట్ ఆర్థర్ వరస షీట్‌లోంచి తీసెయ్యలేదు. ఆ కెఫే గోడల్ని అలాగే ఉంచి చుట్టూ స్మృతివనం, నీళ్ళ కొలను కట్టారట. అక్కడికి వస్తానని వాడే అన్నాడు.

అన్నట్టు, మెల్‌బోర్న్ గ్రౌండ్‌లో మధ్యాహ్నం ఎండ పడని స్టాండ్ ఏదో తెలిసినవాళ్ళు చెప్తే పుణ్యముంటుంది!