నిజం ఒక్కటే చాలని చట్టాలు

ఫుజైరాలో 2007లో క్రియేటివ్ సిటీ పేరిట మీడియా సంస్థల కోసం ఒక ఫ్రీ జోన్ వెలసింది. అక్కడ విదేశీయులు పూర్తి యాజమాన్యంతో సంస్థలు నెలకొల్పవచ్చు. అయితే ఆ సడలింపులు వ్యాపారానికే పరిమితం. నేరచట్టం నుండి మినహాయింపు లేదు. దుబాయి వలె ఫుజైరాకు సొంత న్యాయవ్యవస్థ కూడా లేదు. అక్కడ విచారణ జరిపేది ఫెడరల్ న్యాయస్థానాలే.

పాలకులపై విమర్శను 1980 నాటి ప్రచురణల చట్టం నిషేధించింది. 1987 నాటి శిక్షాస్మృతి పరువునష్టాన్ని నేరంగా పరిగణించింది. 2007 సెప్టెంబరులో ఈ నేరం కిందనే దుబాయి న్యాయస్థానం ఇద్దరు పాత్రికేయులకు రెండు నెలల జైలుశిక్ష విధించింది. వృత్తిపరమైన రాతలకు పాత్రికేయులను జైలుకు పంపరాదని వెంటనే షేక్ మొహమ్మద్ బిన్ రషీద్ ఆదేశించారు. కాని ఆదేశం వేరు, చట్టం వేరు. పందెపు గుర్రాలకు నిషిద్ధ మందులు ఇస్తున్నారని 2006లో రాసినందుకు, 2009లో ఎమారత్ అల్ యౌమ్ పత్రిక 20 రోజులు మూతపడింది. సంపాదకుడు జరిమానా చెల్లించవలసి వచ్చింది.

2012 నాటి సైబర్ నేరాల చట్టం ఈ వలను పాత్రికేయులను దాటి సామాన్యుల వరకు విస్తరించింది. ఆన్‌లైన్ దూషణకు జరిమానా రెండున్నర లక్షల నుండి ఐదు లక్షల దిర్హాములు. 2021లో వచ్చిన కొత్త చట్టమూ ఆ మొత్తాలనే నిలిపింది.

ఈ కథ తెలుగువారికి కొత్త కాదు. అదే 2007 ఫిబ్రవరిలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం, పత్రికలపై పరువునష్టం దావాలు వేసే అధికారాన్ని సమాచార శాఖకు కట్టబెడుతూ జీవో 938 జారీ చేసింది. నిరసనల వల్ల దానిని పక్కన పెట్టవలసి వచ్చింది. 2019 అక్టోబరులో జగన్ ప్రభుత్వపు జీవో 2430 ఆ అధికారాన్ని అన్ని శాఖల కార్యదర్శులకు విస్తరించింది.

రెండు దేశాల చట్టాలు కలిసే చోటు ఒకటుంది. ఎమిరేట్స్ శిక్షాస్మృతిలో ఆరోపణ ప్రభుత్వోద్యోగి విధులకు సంబంధించినదైతేనే సత్యనిరూపణ రక్షణ అవుతుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 499వ సెక్షన్‌లో నిజంతో పాటు ప్రజాహితమూ రుజువు కావాలి. 2024లో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దానినే కొనసాగించింది. ఆ శిక్షాస్మృతిని మనకు అంటగట్టిన బ్రిటన్ మాత్రం తన గడ్డపై ఇంగ్లండులో పరువునష్టాన్ని నేరాల జాబితా నుండి 2009 చట్టంతో తొలగించుకుంది. శ్రీలంక 2002లోనే ఆ పని చేసింది.

పరువుకు రక్షణ అవసరమే. అందుకు సివిల్ దావా ఉంది. జైలు భయం తోడైనప్పుడు వార్త అచ్చు కాకముందే ఆగిపోతుంది. అలా ఆగిన వార్తలకు ఏ న్యాయస్థానంలోనూ లెక్క ఉండదు.